పంపిన ఫోను

ఆ సాయంత్రం ప్రార్థన కూటం జరుగుతున్న ఆ ఇంట్లో ఉన్నది ఇంటి యజమాని, సింహాద్రిపురం సంఘపెద్ద ఆనందయ్య, ఆయన కొడుకు ఫిలిప్, కోడలు నిర్మల, ఏ కూటమైనా ముందు వరసలోనే కూర్చునే రత్నమణి అవ్వ, ఆమె వెంట వచ్చిన వీధి ఆడవాళ్లు, టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి మూలన ఒదిగిన పావని.

అందరూ టీవీ వైపే చూస్తున్నారు. పావని ఒక్కతే తల దించుకుంది.

తెర మీద ఒక ప్రార్థన. "ప్రభువా, ఈ ఇంట్లో తాగుడు మాన్పించు. మనుషులకు చెప్పుకోలేక నీకు చెప్పుకుంటాండా." దాని కింద ఒక బైబిలు వాక్యం. వాక్యం కింద, ఉండకూడని ఇంకో వరస. "పంపిన ఫోను: నిర్మల."

"నేను రాయలే!" నిర్మల లేచి నిలబడింది. "ప్రమాణంగా నేను రాయలే మామా!"

ఆనందయ్య బైబిలు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"మందు కొట్టేది మీ తోటలో చీనీ చెట్లకే అనుకుంటిమి గదబ్బీ," అంది రత్నమణి అవ్వ, ఫిలిప్ వైపు తిరిగి. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఫిలిప్ మొహం మాడిపోయింది. "నేనెప్పుడు తాగినానే? యాడ చూసినావు? ఇంతమందిలో నా పరువు తీయాలని ఎన్నాళ్ల నుంచి కాచుకోనుండావు?"

"నేను రాయలే అంటాంటే!"

"మరి నీ పేరు దయ్యం రాసిందా?"

ఫిలిప్ చెప్పులు కూడా తొడుక్కోకుండా బండెక్కి పోయాడు. నిర్మల వంటింట్లోకి పరుగెత్తింది.

పావనికి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పేరు లేకుండా ప్రార్థనలు పంపుకునే ఆ యాప్ చేసింది తనే. "ఎవురు రాసినా దేవునికి తప్ప తెలీదు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పిందీ తనే. "నాకు సిగ్గు, వద్దులే" అన్న నిర్మలక్కను బతిమాలి, ఆమె ఫోనులో యాప్ వేసిచ్చిందీ తనే.

యాప్‌లో ప్రార్థన ఒక్కోటీ ఒక్కో డాక్యుమెంటు. మనిషి రాసినదాన్నీ, ఏ ఫోను నుంచి ఎప్పుడు వచ్చిందో డేటాబేసు తన గుర్తు కోసం పెట్టుకున్నదాన్నీ పావని ఒకే జేసన్ బ్రాకెట్లో, అంటే ఒకే మూటలో, కలిపేసింది. యాప్‌లో ప్రార్థన కింద రత్నమణి అవ్వ ఒక వాక్యం చేర్చి, అది టీవీలో పడడం లేదని సణుగుతుంటే, పావని మధ్యాహ్నం హడావుడిగా కోడ్‌లో ఒక్క వరస మార్చింది. లోపల ఏముంటే అదంతా చూపించమంది. అది అంతా చూపించింది.

"టీవీ ఆపు పాపా," అన్నాడు ఆనందయ్య. ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటేనే పావనికి కాస్త నయంగా ఉండేది.

కూటం అర్ధాంతరంగా ముగిసింది. అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచిన పావని దగ్గర రత్నమణి అవ్వ ఒక్క క్షణం ఆగింది.

"నువ్వేం ఏడ్వొద్దులే పాపా. ఆ యమ్మి ఊరికే రాస్తాదా? వాళ్ల పెరట్లో సీసా నేనూ చూసినా."

పావని కళ్లలో నీళ్లకు అక్షరాలు అలుక్కుపోతుంటే తుడుచుకుంటూ, ప్రతి డాక్యుమెంటునూ రెండుగా విడగొట్టింది. మళ్లీ మళ్లీ చూసుకుంది. తెర మీద ఇప్పుడు ప్రార్థనలే ఉన్నాయి. పేర్లు లేవు.

లేచి ఆ ఇంటి తలుపు తట్టింది. ఆనందయ్య ఒక రెక్క తీసి అడ్డంగా నిలబడ్డాడు. లోపలి నుంచి నిర్మల వెక్కిళ్లు వినపడుతున్నాయి.

"తాతా, సరిచేసినా. మనుషులు రాసింది ఒక అరలో, డేటాబేసు రాసుకున్నది ఇంకో అరలో పెట్టినా. టీవీకి మొదటి అర ఒక్కటే కనపడతాది. ఇంకెవురి పేరూ పడదు. అక్కకు చెప్తా, లోపలికి రానీ."

"ఆ రెండో అరలో ఏముంటాది?"

"ఏ ఫోను నుంచి వచ్చింది, ఎప్పుడొచ్చింది, అవి."

"ఎవురు రాసినారో కూడా ఉంటాదా?"

పావనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఫోను ఎవురిదో వాళ్లే గదా తాతా రాసేది?"

ఆనందయ్య వీధి అటూ ఇటూ చూశాడు. పావని మొహం మాత్రం చూడలేకపోయాడు.

"ఫోను మా కోడలిది పాపా. రాసిన వేలు నాది," అని తలుపు మూసేశాడు.