బెంచీ మీద రాణిగారు

“దీని మీద ఎలా కూర్చోమంటావు బావా?” అన్నాడు బావమరిది. సొంత ఇంటికి ఎవరో తాళం వేసుకుపోయినట్టుంది అతని ముఖం.

సెలూనుకు వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ గోడవారగా ఉంటుంది. దాని మూల, ఫ్యాను గాలి తిన్నగా తగిలే చోటు, అతనిది. ఆ పొద్దున అక్కడ ఒక కొత్త దిండు ఉంది. దిండు మీద ఆఫ్రికా రాణి. ఎన్ని వందల ఏళ్ల నాటి చిత్తరువో, గుడ్డ మీద అచ్చు వేశారు. ఎత్తయిన కిరీటం, మెడ నిండా పూసలు, ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన పని లేని చూపు.

“మీ అక్క కుట్టింది. ఆమెనే అడుగు,” అన్నాడు బార్బరు, కత్తెర ఆపకుండా.

బావమరిది దిండు పక్కకు జరిపి కూర్చున్నాడు. పేపరు తెరిచాడు. రోజూ అయితే పేపరు పైకి చదువుతూ, మధ్యమధ్య కుర్చీలో ఉన్నవాడి తలకు తీర్పు చెప్పేవాడు. కుడివైపు ఎక్కువ పోయిందనేవాడు. నడినెత్తిన పలచబడిందనేవాడు. ఈ వయసులో రంగెందుకనేవాడు. వాళ్లు పళ్లు బిగించి కుర్చీ దిగిపోయేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు కాదు. పాత బేరాలు సగం పక్క వీధిలోని కొత్త షాపుకు మళ్లాయి. ఇంకో నెల ఇలాగే నడిస్తే షట్టరు దించెయ్యాలని బార్బరుకు తెలుసు. తెలిసీ నోరెత్తలేదు. పెళ్లాం తమ్ముణ్ణి లేచి పొమ్మన్న మగవాడు ఆ ఇంట్లో మళ్లీ వేడి అన్నం తినడని అతని నమ్మకం.

ఆ రోజు మాత్రం బావమరిది నోరు రెండుసార్లు తెరుచుకుని, రెండుసార్లూ మూసుకుంది. పక్కనుంచి రాణిగారు చూస్తున్నారు. దిండు తిరగేశాడు. వెనకవైపూ ఆవిడే. చివరికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కుర్చీలో ఉన్న పోస్ట్‌మ్యాన్ అద్దంలోంచి చూసి, “పాపాయి నిద్రపోయిందా?” అన్నాడు.

బావమరిది పేపరు మడిచి లేచాడు.

మర్నాడు గుమ్మం దాకా వచ్చాడు. ఆవిడ ఇంకా ఉన్నదని చూసుకుని వెళ్లిపోయాడు. మూడోనాడు రాలేదు.

వారం తిరిగేసరికి పోస్ట్‌మ్యాన్ వాళ్ల అన్నదమ్ములిద్దరినీ తీసుకొచ్చాడు. అలిగి వెళ్లిన లెక్కల మాస్టారు తిరిగొచ్చాడు. బెంచీ నిండింది. అయినా దిండు మీద ఎవరూ కూర్చోలేదు, ఎవరూ ఆనుకోలేదు. రాణిగారి పక్కన చోటు దొరికినవాళ్లు కాళ్లు దగ్గరకు పెట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. బార్బరు చాలా రోజుల తరువాత ఈల వేస్తూ దువ్వెనలు కడిగాడు.

ఈల మధ్యలోనే భయం. భార్య ఇవాళో రేపో అడుగుతుంది. అడగనే అడిగింది. సెలూను వెనకే ఇల్లు. ఉతికిన తువ్వాళ్లు తెచ్చి మేకులకు తగిలిస్తూ, తమ్ముడు కనబడటం లేదేమంది.

“నేనేమీ అనలేదు. నీ మీద ఒట్టు.”

“తెలుసు. మీరు అనలేరనేగా నేను దిండు కుట్టింది.”

బార్బరు తువ్వాళ్లు అందుకుంటూ, ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావన్నాడు. ఆమె నవ్వింది. తమ్ముడికి గోడౌనులో పని కుదిర్చాననీ, సోమవారం నుంచి వెళ్లకపోతే తన గడప తొక్కొద్దన్నాననీ చెప్పింది. మిషను మీద కాస్త పని మిగిలిందని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బేరాలు తెమిలాక, మంచి ఆకలి మీద, తేలికపడ్డ మనసుతో బార్బరు ఇంట్లోకి నడిచాడు. కుట్టు మిషనుకు ఎదురుగా, రోజూ తిని కూలబడి ఆమె వేసే ప్రతి కుట్టుకూ వంక పెట్టే తన పడక్కుర్చీలో, రాజుగారు కూర్చుని ఉన్నారు.