కంట్లో చుక్క

"మా అమ్మే. కానీ నన్ను చూడ్డం లేదబ్బా."

ఆదిమూలం బొమ్మని పక్కకు జరిపాడు.

కేశవ్‌కి ఒళ్ళు మండింది. అరచేతిలో పట్టేంత పాత ఫోటో, అదీ చెదలు కొట్టింది. దాన్ని చూసి మూడు రోజులు బొగ్గుతో గీశాడు. ఆ నడుమునొప్పి ఎవడికి పట్టింది?

"రేపే ఏడాది తద్దినం. దండ వేసేదానికి ఇంకో పటం లేదు. ఇది కుదరకపోతే ఉత్త గోడకే వేస్తా," అంటూ ఆదిమూలం ఎదురుగా ఉన్న మునెమ్మ టీకొట్టుకి పోయాడు.

అక్కడ బల్ల మీద కూర్చున్న ముసలాయన లేచి రోడ్డు దాటి వచ్చాడు. ఫోటో తీసుకుని చూశాడు. బొమ్మని చూశాడు.

"వెళ్ళై యాడబ్బా?"

"యాడికీ పోను. పనిలో ఉన్నా."

"వెళ్ళై! వెళ్ళై!" ముసలాయన బొమ్మ వైపు వేలు ఊపాడు.

"నా కొట్లోకొచ్చి నన్నే వెళ్ళమంటావా? నువ్వే వెళ్ళు తాతా!"

ముసలాయన ఫోటోని బోర్లించి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాని వెనక ఏదో తమిళ ముద్ర ఉంది. నెల్లూరు నుంచి పుదుచ్చేరి వచ్చి నెల కూడా కాని కేశవ్‌కి అది చదవడం రాదు.

ఆదిమూలం టీ గ్లాసుతో వచ్చాడు.

"ఎవరితో గొడవ?"

"ఎవరో తాత. రాగానే వెళ్ళై వెళ్ళై అని తరుముతాడే!"

ఆదిమూలం నవ్విన నవ్వుకి టీ ఒలికింది.

"పొమ్మని కాదు సామీ! వెళ్ళై అంటే అరవంలో తెలుపు!"

కేశవ్ ఫోటో తిప్పాడు. రెండు కళ్ళల్లోనూ గుండుసూది మొనంత తెల్ల చుక్క. చెదల మచ్చ అనుకుని తాను నలుపు నింపేసిన చోటు అదే.

సుద్దముక్క మొన అరగదీసి, ఒక్కో కంట్లో ఒక్క చుక్క పెట్టాడు.

ఆదిమూలం బొమ్మని చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏందమ్మా అట్టా చూస్తావు? ఇది రెండో టీనే!"

కేశవ్ రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"అక్కా, ఆ తాత యాడ?"

"కరుప్పన్ తాతా? విల్లియనూరు బస్సెక్కేశాడే. ఏమన్నావబ్బా, మూతి ముడుచుకుని పోయినాడు?" అంది మునెమ్మ.

"రేపొస్తాడా?"

"నా టీ లేంది ఆయనకి పొద్దు పోతుందా? వస్తాడ్లే."

కేశవ్ వెనక్కి వచ్చేసరికి ఆదిమూలం ఫోటో వెనకున్న ముద్రని కూడబలుక్కుని చదువుతున్నాడు: "కరుప్పన్ ఫోటో స్టూడియో, విల్లియనూరు."