కొట్టి చూసి కొనుక్కో

"ఇదీ కుదర్లేదు బుడాన్ గారూ. ముక్కు బరువు. నాలుగు దెబ్బలకే మణికట్టు లాగేస్తంది," అంటూ చెంచయ్య కత్తి తెచ్చి కొలిమి ముందున్న దాగలి దిమ్మ పక్కన పడేశాడు.

బుడాన్‌కి ఒళ్ళు మండింది. నిన్న పొద్దున ఈ మనిషి సైకిలు దిగి, "పత్తి చేను గట్టు నిండా సర్కారు తుమ్మ లేచిందండీ, కంప కొట్టే కత్తి కావాలి," అన్నప్పుడు మంచి బేరమే తగిలిందనుకున్నాడు. తీరా చూస్తే పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరు.

మొదట చెంచయ్య గోడకి వేలాడుతున్న పొడుగాటి ఖడ్గం మీద కన్నేశాడు. పొడుగుంటే ముళ్ళు చేతికి తగలవని ఆయన వాదన.

"అది నాటకాల వాళ్ళకి చేసిందయ్యా. చూపుకే. దాంతో వంకాయ కూడా తెగదు," అన్నాడు బుడాన్. తుమ్మ మొదలు తెగాలంటే మందం ఉండాలనీ, బరువు చేతికి తూగాలనీ వివరించి, గ్రానైటు లారీల పాత కమాను పట్టీలతో చేసిన మచ్చుకత్తులు ముందు పరిచాడు.

"కొట్టి చూసి కొనుక్కో" అన్నది తండ్రి కాలం నుంచీ ఆ కొలిమిలో మాట. కొట్టి చూడ్డానికి కంపకేం కొదవ? కొలిమి దగ్గర్నుంచి రోడ్డు దాకా డొంక దారంతా అదే. మనిషి ఒళ్ళు ఒంచుకుని నడవాల్సిందే. ఊరందరికీ కంపకత్తులు చేసేవాడి డొంకే మూసుకుపోయింది. దీపం కింద చీకటి అంటే అదే మరి. భుజం జారిన దగ్గర్నుంచి బుడాన్‌కి చిన్న సుత్తి ఎత్తడమే గగనమైపోయింది.

కొలిమి వెనకే ఇల్లు. పురిటికొచ్చిన కూతురు అనీసాకి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నొప్పులు రాగానే ఆస్పత్రిలో ఉండాలి, ఆలస్యమైతే ఇద్దరూ దక్కరని నర్సమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆటోవాళ్ళేమో ఆ ముళ్ళల్లోకి చచ్చినా రామన్నారు.

"ఎవర్నన్నా సాయం అడగండి," అని భార్య ఖుర్షిదా రోజూ పోరుతూనే ఉంది. "ఆ పత్తి పోయిన ఏడు, సంచిలో పురుగుమందు డబ్బా పెట్టుకుని నాగలి కర్రు అమ్మడానికొచ్చిన మనిషికి మీరేం చేశారు? పనోడు రాలేదని అబద్ధమాడి పొద్దుగూకేదాకా కొలిమి తిత్తి ఊదించారు. డబ్బా దాచేసి, అన్నం పెట్టి ఇంటికి పంపారు. అట్టాంటి వాళ్ళలో ఒక్కరన్నా రారా?"

"గడ్డం మాసిపోయి ఉన్నాడు, మొహం కూడా గుర్తు లేదు. అయినా చేసింది గుర్తు పెట్టుకుని అడిగితే అది వడ్డీ వ్యాపారమే. ఊరుకో."

"నేనేం ఊరుకోలా. మార్టూరు సంతలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నా."

"చెప్పుకుంటే? కందిపప్పు ధరేమన్నా తగ్గిందా?"

ఆ చికాకు మీదున్న బుడాన్ ఇప్పుడు చెంచయ్యని కసరబోయి, డొంక వైపు చూసి ఆగిపోయాడు. నిన్నటిదాకా హారన్ వినపడ్డమే తప్ప కనపడని రోడ్డు మీది లారీ, ఇవాళ సగం కనపడుతోంది. కోపం ఇట్టే దిగిపోయింది.

"ముక్కు అరగదీస్తాలే. ఈలోపు ఇది పట్టు. కొమ్మల మీద ఏం తెలుస్తుందయ్యా, మొదళ్ళ మీద వెయ్యి," అని ఇంకో కత్తి అందించాడు. అది కాగానే మరొకటి.

చెంచయ్య దానికీ వంక పెట్టాడు. పిడి జారుతోందన్నాడు, వంపు చాలలేదన్నాడు. కొట్టిన కంప కాలికి అడ్డమొస్తే దెబ్బ సరిగా పడదంటూ, దాన్ని కూడా తనే పక్కకి ఈడ్చి కుప్ప వేశాడు.

"చేతులన్నీ గీరుకుపోయినయ్యి పాపం," అంది ఖుర్షిదా మజ్జిగ చెంబుతో వస్తూ.

"మాట్లాడకు. అల్లా పంపిన తిక్కమనిషి," అని గుసగుసలాడాడు బుడాన్. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఇంకో రోజు కూడా అదే వరస. పొద్దు వాలేసరికి డొంక బండి పట్టేంత అయింది. "ఏదీ నచ్చలేదండీ, ఏమనుకోకండి," అని చెంచయ్య ఉత్త చేతులతో సైకిలెక్కాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అనీసాకి నొప్పులొచ్చాయి. ఆటో గుమ్మం దాకా వచ్చి ఆగింది. కాస్త ఆలస్యమైనా చేతులెత్తేసేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. మనవరాల్ని చేతుల్లోకి తీసుకున్నప్పుడు బుడాన్‌కి ఏడుపు ఆగలేదు. అల్లాకి మొక్కాడు, నర్సమ్మకి దణ్ణం పెట్టాడు. అప్పుడు చెంచయ్య చేతుల మీద ముళ్ళ గీతలు గుర్తొచ్చి సిగ్గేసింది. అమాయకుణ్ణి ఎంత వాడుకున్నాడు!

భుజం నొప్పిని లెక్కచెయ్యకుండా కమాను పట్టీ ఒకటి ఏరి, ఆయన పెట్టిన వంకలన్నీ సరిచేసి, తన చేతిలో ఎన్నడూ రానంత మంచి కత్తి చేశాడు. దాన్ని గోనెలో చుట్టుకుని బస్సెక్కి చెంచయ్య ఉండే పక్క ఊరు వెళ్ళాడు.

చెంచయ్య మిరపకాయల కోతకి వెళ్ళాడట. భార్య వెంకటరావమ్మ వాకిట్లో తాలుకాయలు ఏరుతోంది.

"నేను కొలిమి బుడాన్నమ్మా."

ఆమె గబుక్కున లేచి మంచం వాల్చింది. "కూర్చోండి అన్నయ్యా! అమ్మాయికి సుఖంగా అయిందా?"

"ఆడపిల్ల. ఇద్దరూ చల్లగా ఉన్నారు. అది మీ ఆయన పుణ్యమే," అన్నాడు బుడాన్ తల దించుకుని. "ఆయన దగ్గర ఒక తప్పు చేశానమ్మా. కత్తి చూపించే వంకన నా డొంక కొట్టించుకున్నా. ఇది ఊరికే ఇస్తున్నా, కాదనొద్దు. మీ పత్తి చేను గట్టు మీద కంపకి బాగా పనికొస్తుంది."

వెంకటరావమ్మ కత్తి వంకా, ఆయన వంకా చూసి కళ్ళు తుడుచుకుంది.

"చేనెక్కడిది అన్నయ్యా, మీరు ఆయన చేత తిత్తి ఊదించిన ఏడే అమ్మేశాంగా!"