గుక్కల పిన్ని

"తాగావా?"

"తాగాను పిన్నీ."

"ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి."

"అయితే తాగలేదు. పో, తాగొచ్చి చెప్పు."

ఫోను చెవిన పెట్టుకున్న వాచీల అమ్మాయి నాలుక కరుచుకుంది. గ్లాసు నిజంగానే నిండుగా ఉంది. వాచీలు బాగుచేసే ఆ దుకాణంలో చుట్టూ పాతిక గడియారాలున్నా, వేళకి నీళ్లు తాగాలని మాత్రం ఆమెకు గుర్తుండదు. గుర్తున్నా భయం. పేగుల్లో పుండ్లు పడే జబ్బు ఆమెది. పెళ్లికి ముందే ఆపరేషన్ చేసి మూరెడు పేగు తీసేశారు. ఏం తాగినా, ఏం తిన్నా ఒంట్లో నిలవదు. ఇప్పుడు ఆరో నెల.

"బరువు పెరగాల్సిన రోజుల్లో రెండు కిలోలు తగ్గావు. ఒంట్లో నీళ్లు చాలట్లేదు, బిడ్డ ఎదగట్లేదు. ఇలాగే ఉంటే బిడ్డ దక్కడం కష్టం" అని డాక్టరమ్మ కిందటి వారమే మొహం మీద చెప్పేసింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగమంది. గంటకోసారి పిడికెడు తిండి తినమంది. "నీ జబ్బే ఉన్న ఒకావిడ ఉంది. మొండిఘటం. ఫోన్ చేస్తుంది, విసుక్కోకుండా ఎత్తు" అని కూడా చెప్పింది.

ఎత్తడమే పాపమైంది. పొద్దున్న ఏడు మొదలు దీపాలు పెట్టేదాకా గంటగంటకీ ఫోనే. తాగావా, తిన్నావా అని ఊరుకుంటే బాగానే ఉండేది. ఎలా ఉందో చెప్పాలి. చల్లగా ఉందా, గోరువెచ్చగా ఉందా? ఉప్పు ముందు తగిలిందా, తీపి ముందు తగిలిందా? నిమ్మచెక్క పిండితే వాసన ముక్కుదాకా వచ్చిందా, లేదా? పోలీసు విచారణ కూడా ఇంత వివరంగా ఉండదు. దొంగ లెక్కలు చెప్పేవాళ్లని పట్టుకోవడానికి ఇదో ఎత్తు అనుకుంది వాచీల అమ్మాయి. దాంతో అబద్ధం చెప్పడం మానేసి, తాగడం మొదలుపెట్టింది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఆవిడకి 'గుక్కల పిన్ని' అని పేరు పెట్టింది అతనే.

"ఏమంటుంది మీ గుక్కల పిన్ని?"

"ఉడికిన బంగాళదుంప మీద వెన్న వేస్తే మొత్తం కరిగిందా, మధ్యలో ముద్ద మిగిలిందా అని అడిగింది."

అతను పడీపడీ నవ్వాడు. "ఎంత తిండియావో చూడు! ఆవిడ గాని నా బస్సెక్కితే రెండు సీట్లు కావాలి."

వాచీల అమ్మాయికీ నవ్వొచ్చింది. ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది కూడా. "ఇంతకీ మీరేం తిన్నారు పిన్నీ?"

"నా సంగతికేం గాని, నీది చెప్పు."

"పోనీ ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి."

"బిడ్డ పుట్టాక నువ్వే వద్దువుగాని. చేతిలో గ్లాసుందా? ఇంకో గుక్క."

ఏడో నెలలో జబ్బు తిరగబెట్టింది. మూడు రోజులు కడుపు మెలిపెట్టేసింది. డాక్టరమ్మ మందు మార్చింది గాని, నోరు తెరవాలంటేనే వాచీల అమ్మాయికి వణుకు పుట్టింది. నాలుగో రోజు పిన్ని ఫోన్ చేస్తే భోరున ఏడ్చేసింది.

"నా వల్ల కాదు పిన్నీ. తిండి చూస్తేనే అసహ్యంగా ఉంది."



"ఒక్క చెంచా" అంది పిన్ని. "నీకోసం వద్దు. బిడ్డ కోసమూ వద్దు. నా కోసం తిను. తిని, ఎలా ఉందో చెప్పు."

ఆ గొంతులో ఏముందో గాని, కాదనలేకపోయింది. అరటిపండు చిదిమి చెంచాడు నోట్లో పెట్టుకుంది. "మెత్తగా ఉంది పిన్నీ. నమలక్కర్లేదు. తీపి మెల్లగా దిగుతోంది... గొంతులో కాస్త వగరు మిగిలింది."

"వగరు..." అంది పిన్ని. గొంతు బొంగురుపోయింది. జలుబు చేసిందేమో అనుకుంది వాచీల అమ్మాయి. "ఇంకో చెంచా పెట్టుకో."

నలభై నాలుగు కిలోల మనిషి నలభై ఎనిమిదికి వచ్చింది. యాభై దాటింది. నెలలు నిండి, రెండు కిలోల ఏడువందల గ్రాముల ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల గుప్పిట విప్పి చూస్తూ తల్లి విస్తుపోయింది. తాగిన గుక్కలూ తిన్న చెంచాలూ కలిసి కళ్లూ గోళ్లూ ఉన్న మనిషైపోవడం ఆమె బుర్రకి అందలేదు. ఇంత పని చేయించిన మనిషిని కళ్లారా చూడాలనిపించింది.

నెల తిరగ్గానే ముగ్గురూ బయల్దేరారు. డ్రైవరు పెద్ద కేకు కొన్నాడు. "ఆవిడ తాహతుకి చిన్నది ఆనదు" అన్నాడు.

తలుపు తీసింది పిన్ని తమ్ముడు. లోపల మంచం మీద పుల్లలాంటి మనిషి, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పక్కనే స్టాండుకి పాలరంగు మందు సంచీ వేలాడుతోంది. దాని గొట్టం భుజం కింద చీరలోకి పోయింది. పాపం, ఒంట్లో బాగోనప్పుడు వచ్చామే అనుకుంది వాచీల అమ్మాయి. పిన్ని మాత్రం బిడ్డని ఒళ్లో పెట్టించుకుని, సీసాలో పాలు తాగుతున్న ఆ చిన్న నోటిని రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండిపోయింది.

డ్రైవరు కేకు పెట్టె విప్పాడు. "మొదటి ముక్క మీదే పిన్నిగారూ!"

"ముందు మీరు తినండి బాబూ. తిని ఎలా ఉందో చెప్పండి" అని నవ్వింది పిన్ని.

వాచీల అమ్మాయి పళ్లేల కోసం వంటింట్లోకి వెళ్లింది. అక్కడ తమ్ముడు ఒక్కడికి సరిపడా అన్నం వార్చుకుంటున్నాడు.

"మామయ్యగారూ, పిన్నికి ఎంత ముక్క కొయ్యమంటారు?"

అతను గరిటె కింద పెట్టాడు.

"పేగు మిగల్లేదు, నరంలోకి ఎక్కే ఆ సంచీయే తిండి. అక్క నోట్లో చుక్క నీళ్లు పడి ఆరేళ్లయిందమ్మా."