మూడో ట్యాంకు

"ఇంకో పది లీటర్లు పడితే బావుంటుందోయ్" అన్నాడాయన, మోటారుసైకిలు పక్కన తగిలించిన సైడ్‌కారులోంచి తల బయటికి పెట్టి.

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. పది లీటర్లంటే మరో నూటయాభై కిలోమీటర్లు. ఆ లెక్క ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"ఇప్పుడున్నది చాలదా అండీ?" అంది.

"చాలుతుంది. ఎదురుగాలి కొడితే? దారి తప్పితే? నిన్ను పక్కన కూచోబెట్టుకుని ఆ చవిటి మైదానం మధ్యలో ఆగిపోమంటావా?"

అదే కదా ఆవిడ భయం! అయిదు వందల కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు బంకు లేదు, ఊరు లేదు, చెట్టు లేదు, పలకరించే నరమానవుడు లేడు. కిందటేడు ఇద్దరు మంచి బండి మీదే వెళ్లారు. తొమ్మిదో రోజున దొరికారు. ఎలా దొరికారో వెతకడానికి వెళ్లినవాళ్లు ఇప్పటికీ చెప్పరు.

అంతా ఆవిడ నోటిదురదే. సైడ్‌కారు బళ్లవాళ్ల సంఘం మీటింగులో అధ్యక్షుడు వేళాకోళం ఆడాడు. "మాస్టారూ, అన్ని ఊళ్లూ తిరిగారు గానీ ఆ మైదానం మాత్రం మీవల్ల కాదు" అని. ఆయన తల దించుకున్నాడు. నలభైమంది చూస్తున్నారు. మొగుడు చిన్నబోతున్నాడని ఆవిడకి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"ఎందుకు కాదు? ఈ ఎండాకాలమే దాటేస్తాం!" అనేసింది. ఇంకేముంది, చప్పట్లే చప్పట్లు.

ఇంటికొచ్చాక ఆయన ఒకే ఒక్క మాటన్నాడు. "సరే, నువ్వన్నాక తప్పుతుందా!"

అప్పట్నించీ కక్కలేక మింగలేక ఉంది ఆవిడ. ముప్పై ఏళ్లుగా ఆయన ఇంటి వెనకాల షెడ్డులో కార్ల రేడియేటర్లకి టంకం పెట్టి సంసారం లాక్కొచ్చాడు. మనిషికున్న సరదా అల్లా ఆ బండి ఒక్కటే. ఇప్పుడు తను "నాకు భయమండీ" అంటే, ఆయన సంఘంలో తలెక్కడ పెట్టుకుంటాడు?

ఒకసారి ధైర్యం చేసి మోకాళ్లు పట్టుకుని మూలిగింది కూడా.

"అయ్యో! పోనీ ప్రయాణం మానేద్దామా?" అన్నాడాయన గబుక్కున. ఆ మొహం ఏదోలా అయిపోయింది. పాపం, ఎంత ఆశ పెట్టుకున్నాడో అని ఆవిడ మనసు కరిగిపోయింది.

"అబ్బే, తగ్గిపోయిందండీ" అంది. ఆయన మళ్లీ రేకు కొలవడంలో పడ్డాడు.

మొదట సీటు వెనకాల పది లీటర్ల ట్యాంకు చేశాడు. రేకు కోసి, వంచి, టంకం పెట్టి, నీళ్లు పోసి ఎక్కడైనా కారుతుందేమో చూసి, రెండు వారాలు పట్టించాడు. తీరా బిగించాక పీకేశాడు. సీటు కింద పదిహేను లీటర్లది చేశాడు. మరో రెండు వారాలు. దాన్నీ పీకేశాడు. ఇప్పుడు మూడోది, ఇరవై అయిదు లీటర్లది, సరిగ్గా ఆవిడ కాళ్లు పెట్టుకునే చోట.

"పెట్రోలు మీద కాళ్లు పెట్టుకుని కూచోవాలా నేను?"

"మహారాణికి పాదపీఠమోయ్!" అని నవ్వాడు.

ట్యాంకు పెరిగినకొద్దీ ఆయన తెగింపు కూడా పెరుగుతోందని ఆవిడ బెంగ. వానలు పడితే మైదానమంతా బురద. ఇక ఏడాదిదాకా అందులో ఎవరూ దిగరు. అందుకని పొద్దున్న లేస్తూనే మబ్బు కోసం ఆకాశం చూసేది. ఆయన కూడా చూసేవాడు. బయల్దేరే తొందర కాబోలు అనుకునేది.

మబ్బు రాలేదు. ఆదివారం పొద్దున్నే ప్రయాణమని సంఘంవాళ్లు ఖాయం చేసేశారు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఆవిణ్ణి షెడ్డుకి పిలిచి ట్యాంకు చూపించాడు.

"మూతలో ఈ చిన్న కన్నం చూశావా? ట్యాంకుకి ముక్కు ఇది. ఇందులోంచి గాలి లోపలికెళ్తేనే పెట్రోలు బయటికొస్తుంది. ఇది పూడిందో, బండి ఊరు కూడా దాటదు."

"బండికి అసలు ట్యాంకుంది కదండీ?"

"ఉంది, ఇంటికి తిరిగి రావడానికి. అందుకే కొత్త ట్యాంకు ముందు వాడతాం. అది మొరాయిస్తే ఇక మైదానం మాటే లేదు, వెనక్కొచ్చెయ్యడమే. సంఘం రూలు. ఎవరూ ఏమీ అనడానికి లేదు."

ఆవిడ ఆ రాత్రి కన్ను మూస్తే ఒట్టు.

ఆదివారం తెల్లారింది. వీధిలో సంఘంవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. ఆయన లోపల బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆవిడ బట్టల సబ్బు ముక్క గుప్పిట్లో దాచుకుని షెడ్డులోకి దూరింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ణి మోసం చెయ్యడం ఇదే మొదలు. నెలన్నర కష్టం ఆయనది! తెలిస్తే తన మొహం చూస్తాడా? పోనీ చెయ్యకుండా వెనక్కి వెళ్లిపోతే? ఆ మైదానం మధ్యలో ఇద్దరూ, తొమ్మిదో రోజున...

"నన్ను క్షమించండి" అని గొణుక్కుంటూ మూత తిప్పి తీసింది. సబ్బు కాస్త గోటితో గిల్లి, వేళ్ల మధ్య మెత్తగా నలిపి, కన్నం కోసం మూతని వెలుతురుకేసి పట్టుకుంది.

కన్నం లేదు, దాని చోట, నిన్న మధ్యాహ్నం లేని టంకం చుక్క ఒకటి, ఆయన రేడియేటర్లకి పెట్టేలాగే గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది.