సెలవివ్వని ఇల్లు

ఇంటిపనివాళ్ళకు వారానికో రోజు జీతంతో సెలవివ్వాలన్న బిల్లు మీద శాసనసభ కమిటీ విచారణ జరుగుతోంది. పనివాళ్ళ సంఘం తరఫున మాట్లాడటానికి ఒక వంటమనిషి వచ్చింది. ఆ బిల్లు తెచ్చిన కమిటీ అధ్యక్షురాలు మాత్రం ముందున్న కాగితాల్లోంచి తలెత్తడం లేదు.

"మేం వాళ్ళని ఇంట్లో మనుషుల్లా చూసుకుంటున్నాం. మధ్యలో ఈ చట్టం దేనికి?" అన్నాడొక సభ్యుడు. "సెలవివ్వని ఇల్లు ఒక్కటి చెప్పమ్మా, వింటాం."

వంటమనిషి వెనక్కి తిరిగి చూసింది. చెబితే తన పని పోతుంది, బిల్లుకీ ముప్పు రావచ్చు. చెప్పకపోతే ఇంతమంది ఆశ ఇక్కడే నీరుగారిపోతుంది. వెనక వరసలో తోటి ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అలా బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఎలా?" సభ్యుడు నవ్వాడు.

"చెప్పు," అంది అధ్యక్షురాలు, తలెత్తకుండానే.

"మీ ఇల్లేనమ్మగారూ," అంది వంటమనిషి. "నా చంటిదానికి జ్వరమొచ్చిన రోజు కూడా రమ్మన్నారు."

అధ్యక్షురాలు అప్పుడు తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. తర్వాత, విచారణలో మాటలు రాసుకుంటున్న గుమాస్తా వైపు తిరిగింది.

"ఉన్నదున్నట్టు రాసుకోండి. నా పేరుతో సహా."