ఫర్నేస్ చల్లారిన రోజు

ఆ రోజు కూడా రేడియేటర్లు నల్ల మచ్చలతోనే ఫర్నేస్‌లోంచి బయటికొచ్చాయి. తళతళలాడాల్సిన అల్యూమినియం మసిచేత్తో పట్టుకున్నట్టుంది.

"అది లువుయో చెయ్యే," అన్నాడు ములేకి అనే ఫోర్‌మన్, గొంతు తగ్గించి. "ఇంటికి తీసుకుపొమ్మంటున్నాడు."

లువుయో పోయింది ఆ ఫర్నేస్‌లోనే. ఇరుక్కున్న రేడియేటర్ లాగుదామని వెనక మూతిలోంచి దూరాడు. లోపలంతా నైట్రోజన్. ఊపిరందక అక్కడే కూలిపోయాడు.

వాళ్ల నమ్మకం ప్రకారం, ప్రాణం పోయిన చోటికే వెళ్లి, ముళ్లచెట్టు కొమ్మ పట్టుకుని పేరు పెట్టి పిలిస్తేగానీ ఆత్మ ఇంటికి రాదు. అతని తల్లి నొఫుందో ఆ కొమ్మతోనే రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గర కూచుంటోంది. కొమ్మ ఎండిపోతే ఇంకోటి తెచ్చుకుంటోంది పాపం. మేనేజర్ ఫూరీ రానిస్తేనా! ఫర్నేస్ నడుస్తుండగా ఆ మూతి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. ఆపితే మళ్లీ వేడెక్కేసరికి రోజులు పడతాయి. ఒక ముసలమ్మ కోసం అంత నష్టమా?

"దయ్యం లేదు గియ్యం లేదు," అన్నాడు ఫూరీ. "జొలిలే, నీకు జీతమిచ్చేది ఎందుకు? సంగతేంటో తేల్చు. లేదంటే ఆర్డరు పోతుంది, దాంతోపాటు నువ్వూ పోతావ్."

రేడియేటర్లను ఫర్నేస్‌లోకి పంపేముందు ఆఖరిసారి చూసేది జొలిలేనే. మనిషి తిండీ నిద్రా మానేశాడు. నైట్రోజన్‌లో తేమ కొలిచాడు. గాలి దూరుతోందేమోనని సీళ్లు చూశాడు. అతుకుకి పూసే ఫ్లక్స్ మార్పించాడు. కడిగే తొట్టి ఖాళీ చేయించాడు. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి.

"బయటంతా సరిగ్గానే ఉంది సార్. లోపలే ఏదో పేరుకుంది. చల్లార్చి తుడవాల్సిందే."

ఫూరీ పళ్లు నూరాడు. చివరికి ఆపమన్నాడు.

ఫర్నేస్ చల్లారాక జొలిలే గేటు దగ్గరికెళ్లి నొఫుందోని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ మోకాళ్ల మీద కూలబడి కొమ్మని ఆ మూతికి ఆనించింది.

"లే నాన్నా లువుయో. ఇంటికి పోదాం, రా."

ఆ తర్వాత ఇంకెవరితోనూ మాట్లాడలేదు. దారంతా కొడుకుతోనే చెప్పుకుంటూ వెళ్లింది. టాక్సీలో పక్క సీటు ఖాళీగా ఉంచింది.

మళ్లీ మొదలెట్టాక తొలి రేడియేటరే తళతళలాడుతూ వచ్చింది.

"చూశావా? వెళ్లిపోయాడు," అన్నాడు ములేకి కళ్లు తుడుచుకుంటూ.

"అవునన్నా," అని జొలిలే చేతులు కడుక్కునే చోటికి వెళ్లి, ఇన్నాళ్లూ ప్రతి రేడియేటర్ మీదా తను వేలితో అద్దుతూ వచ్చిన, వేడికి మాడి నల్లబడే గొర్రె కొవ్వులో మిగిలిన కాస్తా జేబులోంచి తీసి చెత్తబుట్టలో పడేశాడు.